బొమ్మ మీద 60 సెకన్లు

పిల్లల డాక్టర్ల రెసిడెన్సీ (ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకునే) శిక్షణను కొత్తగా మలిచే పనిలో 6 నెలలుగా ఉన్నాను. లెక్చర్లు తగ్గించి, పుట్టగానే ఊపిరి తీసుకోని బిడ్డ కేసును శిక్షణ కోసం వాడే పసిబిడ్డ బొమ్మ మీద చేయించాం. మొదటి 60 సెకన్లలోపే మాస్కుతో గాలి అందించడం మొదలుపెట్టాలి. రాతపరీక్షలో అన్నీ సరిగ్గా రాసిన అమ్మాయికి ఇక్కడ చేతులు వణికాయి. మాస్కు అంచుల్లోంచి గాలి పోతూనే ఉంది. నాలుగోసారికి బొమ్మ ఛాతీ లేచింది. అప్పుడు ఆ అమ్మాయి ముఖం చూడాలి!

నన్ను ఎక్కువగా తొలిచేది మందుల డోసు. పిల్లలకు బరువును బట్టి లెక్క కట్టాలి, దశాంశ బిందువు ఒక్క స్థానం కుడికి జరిగితే మందు పదింతలవుతుంది. అందుకే రాత్రి డ్యూటీకి ముందు 10 నిమిషాలు ఇద్దరిద్దరు కూర్చుని ఒకరి లెక్క ఒకరు సరిచూసుకోవాలని పెట్టాం. తల్లిదండ్రులకు చెడు వార్త చెప్పడం ఎలా నేర్పాలన్నదే ఇంకా తేలలేదు.