టీ చవకైనా గొడవే

అమెరికా విప్లవం అనగానే టీ మీద పన్ను పెంచారు, జనం తిరగబడ్డారు అని చెప్పేస్తుంటారు. కానీ 1773 టీ చట్టం కొత్త పన్నేమీ వెయ్యలేదు, పైగా ఈస్టిండియా కంపెనీ తన సరుకును నేరుగా అమెరికాకు పంపి అమ్ముకునే వీలిచ్చి టీని చవక చేసింది. పౌండు బరువు టీకి 3 పెన్నీల పాత సుంకం మాత్రం అలాగే ఉంచారు. చిక్కంతా అక్కడే. చవకే కదా అని బ్రిటన్ పాలనలోని అమెరికా జనం కొంటే, తమ ప్రతినిధి ఒక్కడూ లేని లండన్ పార్లమెంటుకి తమ మీద పన్ను వేసే హక్కు ఉందని ఒప్పుకున్నట్టే. (డచ్చి టీని దొంగచాటుగా తెచ్చి అమ్ముకునేవాళ్ల పొట్ట మీద కూడా దెబ్బేననుకోండి, ఆ సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు.)

డిసెంబర్ 16 రాత్రి బోస్టన్ రేవులో 342 పెట్టెల టీ నీళ్లపాలైంది. నన్నడిగితే బ్రిటన్ అసలు తప్పు ఆ తర్వాత చేసింది: టీ పారబోసింది కొందరైతే, 1774లో రేవునే మూసేసి ఊరందరి పనీ పోగొట్టింది, బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ స్వపరిపాలనకూ కోత పెట్టింది. రేపు మన వంతేనని అమెరికాలోని మిగతా బ్రిటిష్ వలస రాజ్యాలకూ టెన్షన్ పట్టుకుంది, ఫిలడెల్ఫియాలో కాంగ్రెస్ (తమ ప్రతినిధుల సభ) పెట్టుకుని బ్రిటిష్ సరుకును బహిష్కరించాయి. 1775 ఏప్రిల్ 19న అమెరికా జనం కాంకర్డ్‌లో దాచిన ఆయుధాల కోసం బ్రిటిష్ సైన్యం బయల్దేరితే దారిలో లెక్సింగ్టన్ దగ్గరే తుపాకులు పేలాయి, ముందు కాల్చిందెవరో ఇప్పటికీ తేలలేదు.