పెద్ద బండి, డీజిల్ లెక్క
మా అన్నయ్య కొన్న ఏడు సీట్ల ఎస్‌యూవీలో చిత్తూరు నుంచి తిరుమలకు వెళ్లి వచ్చాక, ఇలాంటి బండ్లకు మైలేజీ ఎందుకు రాదన్న విషయాన్ని కుదురుగా ఆలోచించాను.

ప్రధాన కారణం బరువు. తిరుమల తిరుపతి కంటే దాదాపు 700 మీటర్లు ఎత్తున ఉంది. డీజిల్‌లోని శక్తిలో సుమారు మూడో వంతు మాత్రమే చక్రాలకు అందుతుంది కనుక, మనుషులతో కలిపి రెండు టన్నులు తూగే బండిని అంత ఎత్తుకు చేర్చడానికే ఒక లీటరుకు పైగా ఖర్చవుతుంది. టన్ను బరువున్న కారుకు అందులో సగం చాలు. దిగేటప్పుడు ఆ శక్తిలో చాలా భాగం బ్రేకుల వేడిగా పోతుంది. (న్యూట్రల్‌లో దించడం ప్రమాదకరం, గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలితే నేటి ఇంజిన్లు ఇంధనాన్ని తామే ఆపేస్తాయి.)

చంద్రగిరి, పూతలపట్టు మీదుగా సాగే హైవేపై అసలు భారం గాలిది. బండి ముందుభాగం ఎత్తుగా, వెడల్పుగా ఉన్నకొద్దీ ఎక్కువ గాలిని నెట్టాలి. ఆ నిరోధం వేగం వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది కాబట్టి, గంటకు 80 కిలోమీటర్ల నుంచి 100కు వెళ్తే ఒకటిన్నర రెట్లు దాటుతుంది. పైకప్పు మీది క్యారియర్, వెడల్పాటి టైర్లు దానికి తోడవుతాయి.

ఏడుగురు నిండుగా కూర్చున్నప్పుడు, మనిషికి పడే డీజిల్ చిన్న కారులో ఇద్దరు వెళ్లినప్పటికంటే తక్కువే. కాబట్టి పెద్ద కుటుంబానికి ఈ బండి న్యాయమైనదే. ఒక్కరే తిరుచానూరు దాకా వెళ్లి రావడానికి దాన్ని తీయడం మాత్రం నాకు బాధ కలిగిస్తుంది. ఖాళీ క్యారియర్‌నైనా విప్పించమని అన్నయ్యను అడిగాను.