తిరగేసిన ముగ్గు

"పిండి మళ్లీ నా చేతిలోకే వచ్చేస్తోందేంటే!" అంటూ అమ్మమ్మ ఫోన్ కళ్లకి దగ్గరగా పెట్టుకుంది.

కాలేజీ ప్రాజెక్ట్ వీడియో. తెల్లారుజామున వాకిట్లో తను వేసిన మెలికల ముగ్గు, 15 చుక్కలు, సందుచుక్క 8 దాకా. ఎడిటింగ్‌లో మొత్తం రివర్స్ చేశాను. సౌండ్ మాత్రం తిప్పలేదు. తిప్పితే ముందు ప్రతిధ్వని, ఆ తర్వాత చప్పుడు వస్తోంది, దెయ్యం సినిమాలా ఉంది. అందుకే కళ్లాపి, కాకులు, పాలబండి హారన్ అన్నీ సవ్యంగానే వినిపిస్తాయి. గీత ఒక్కటే నేల మీంచి లేచి వేళ్ల సందులోకి దూరిపోతుంది.

మామూలుగా చూస్తే మన కళ్లు ముగ్గు వెంటే పోతాయి. వీడియో వెనక్కి నడుస్తుంటే చెయ్యి కనబడింది. మెలిక దగ్గర మణికట్టు ఎక్కడా ఆగదు. బొటనవేలూ చూపుడువేలూ కాస్త బిగుస్తాయంతే, అక్కడ గీత సన్నబడుతుంది. ఎంత అందమో!

వాయిస్ ఓవర్ పెడదామని టీమ్‌లో అంటున్నారు. నేను ఒప్పుకోను. ఆ చేతి మీద మన మాటలెందుకు?

కళ్లాపి చప్పుడు ఇంకొంచెం పైకి తేవాలి. ఎవరి దగ్గరైనా మంచి హెడ్‌ఫోన్స్ ఉంటే రెండ్రోజులు ఇవ్వండర్రా.