ఓటు లేనివారి పేరున రాసే అప్పు

ఓటు హక్కు వచ్చిన నాటి నుంచి నేను ఒక్క ఎన్నిక కూడా మానలేదు. అయినా ఇన్నేళ్లలో ఏ అభ్యర్థీ ఈ హామీకి ఇంత ఖర్చవుతుందని, అందులో పన్నుల ద్వారా వచ్చేది ఇంతని, మిగిలినది అప్పుగా తెచ్చి ఫలానా సంవత్సరానికల్లా తీరుస్తామని చెప్పగా వినలేదు. ఇవ్వబోయేవాటి జాబితా ప్రతిసారీ పెరుగుతూనే ఉంటుంది, దాని పక్కన ఉండవలసిన లెక్క మాత్రం ఎక్కడా కనబడదు. నా ఆవేదనంతా ఆ కనబడని లెక్క గురించే.

అప్పు చేయడమే తప్పని నేను అనను. యాభై ఏళ్లు నిలిచే వంతెనను అప్పుతో కట్టడం న్యాయమే, ఎందుకంటే రేపు దానిమీద నడిచేవారు కూడా దాని ఖరీదులో కొంత భరిస్తారు. యుద్ధమో మహమ్మారో వచ్చిపడినప్పుడు అప్పు చేయక తప్పదు. కానీ ఏ ఆపదా లేని రోజుల్లో కూడా జీతాలకు, రాయితీలకు, చివరికి పాత అప్పు మీద వడ్డీకి సైతం కొత్త అప్పు తేవడం వేరే సంగతి. ఈ ఏడాది తిని ఈ ఏడాదే అరిగిపోయే ఖర్చును ఇంకా పుట్టని పిల్లల ఖాతాలో రాయడం అది. వాళ్లకు ఓటు లేదు కనుక అడ్డు చెప్పేవారే లేరు.

అప్పు ఎంతకాలం బతుకుతుందో తెలిస్తే ఈ మాట అతిశయోక్తి అనిపించదు. మొదటి ప్రపంచ యుద్ధం కోసం బ్రిటన్ తీసుకున్న అప్పుకు సంబంధించిన యుద్ధ బాండ్లలో చివరివాటి అసలు 2015లో గాని తీరలేదు. ఆ యుద్ధాన్ని నిర్ణయించినవారు, దానిలో పోరాడినవారు, తొలి బాండ్లు కొన్నవారు అందరూ అప్పటికి వెళ్లిపోయారు. దాదాపు వంద సంవత్సరాల పాటు ఎన్నో తరాలు తాము చేయని నిర్ణయానికి వడ్డీ కట్టుకుంటూ వచ్చాయి.

వడ్డీ గురించి ఓటర్లం తగినంత ఆలోచించడం లేదని నా అభిప్రాయం. బడ్జెట్‌లో బడికి, ఆసుపత్రికి కేటాయించినదాన్ని కోయవచ్చు, వాయిదా వేయవచ్చు. వడ్డీని మాత్రం అలా చేయడం కుదరదు, అది అందరికంటే ముందు తన వాటా తీసుకుంటుంది. అమెరికా ఫెడరల్ ప్రభుత్వం 2024 ఆర్థిక సంవత్సరంలో వడ్డీకి కట్టినది రక్షణ వ్యయాన్ని మించిపోయింది. ఆ దేశంలో చివరిసారి మిగులు బడ్జెట్ వచ్చినది 2001లో. అక్కడ అప్పుకు చట్టబద్ధమైన పరిమితి 1917 నుంచే ఉన్నా ప్రయోజనం అంతంతమాత్రమే, ఎందుకంటే ఖర్చులకు ఆమోదం ముద్ర పడిపోయిన తర్వాత, బిల్లులు చెల్లించవలసిన వేళకు గాని ఆ పరిమితి చర్చకు రాదు. ప్రశ్న అడగవలసిన సమయం అప్పటికే దాటిపోయి ఉంటుంది.

లెక్క దాచడం అంతకంటే ప్రమాదకరం. గ్రీసు 2009 ద్రవ్యలోటు, అంటే ఆదాయాన్ని మించిన ఖర్చు, జీడీపీలో (దేశం ఏడాదిలో ఉత్పత్తి చేసేదాని మొత్తం విలువలో) 3.7 శాతం ఉంటుందని ఆ ఏడాది వసంతంలో చెప్పిన ప్రభుత్వ అంచనా, అక్టోబరులో ఎన్నికలు ముగిసి కొత్త ప్రభుత్వం వచ్చాక 12.5 శాతానికి మారింది. ఆ ఎన్నికల్లో ఓటు వేసినవారు తమ దేశపు అసలు పరిస్థితి తెలియకుండానే వేశారన్నమాట. ఆ తర్వాత పింఛన్లకు, జీతాలకు పడిన కోతలను మోసినది కూడా వారే. ఆ ఓటర్ల స్థానంలో నన్ను నేను ఊహించుకున్నప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

మార్గం లేదని మాత్రం ఎవరూ అనకూడదు. స్విట్జర్లాండ్‌లో 2001 డిసెంబరులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో దాదాపు 85 శాతం మంది అప్పుకు కళ్లెం వేసే నిబంధనను రాజ్యాంగంలో చేర్చడానికి ఒప్పుకున్నారు. మంచి కాలం, చెడ్డ కాలం కలిపి చూసినప్పుడు ఖర్చు ఆదాయాన్ని మించకూడదన్నది దాని సారాంశం. విపత్తు వస్తే పార్లమెంటు మినహాయింపు ఇవ్వవచ్చు గాని, అలా అదనంగా పెట్టిన ఖర్చును తర్వాతి సంవత్సరాల్లో పూడ్చవలసి ఉంటుంది. నన్ను కదిలించినది ఆ నిబంధన కంటే దాన్ని కోరుకున్నవారే. తమకు అందే ఖర్చుకు పరిమితి పెట్టమని ఓటర్లే చెప్పారు.

ఆ పని నేను చేయలేదు. ఇస్తామన్నవారికి ఓటు వేశాను, ఎక్కడి నుంచి తెస్తారని అడగలేదు. ఇకమీదట ఓటు అడగడానికి ఎవరు వచ్చినా, ఏ పార్టీవారైనా, వారిని నేను అడగబోయేది ఒక్కటే: మీరు చెప్పినవాటిలో అప్పుతో చేసేవి ఏవి, ఆ అప్పు తీరేది ఎప్పుడు? కాగితం మీద రాసి ఇవ్వమని కూడా అడుగుతాను.