కేటలాగులో 1962, పుస్తకం మీద శుభకృత్

నా పీహెచ్‌డీ తెలుగు ప్రహసనాల మీద. థీసిస్ సమర్పించే ముందు ఉపయుక్త గ్రంథసూచిలో ఉన్న ప్రతి పుస్తకాన్నీ మళ్లీ సరిచూడమని గైడ్ గారు పట్టుబట్టారు. వివరాలు చాలావరకు లైబ్రరీ కేటలాగుల నుంచి జొటేరో అనే గ్రంథసూచి సాఫ్ట్‌వేర్‌లోకి దించుకున్నవే.

ఆయన పట్టుదలకు కారణం ఉంది. 'కన్యాశుల్కం' 1897లో మొదటిసారి అచ్చయినప్పుడు ఐదంకాలు. 1909లో వచ్చిన రెండో కూర్పు ఏడంకాలు, గురజాడ దాదాపు తిరగరాసిన నాటకం. మనందరికీ తెలిసింది ఈ రెండోదే. అందులో పెరిగిన సన్నివేశాన్ని ఉటంకించి కింద 1897 అని వేస్తే వాదమే కూలిపోతుంది. పైగా రోమన్ లిపిలో ఎక్కించిన కేటలాగుల్లో ఈ పేరుకు ఎన్ని స్పెల్లింగులో! ఒకదానితో వెతికి దొరకలేదని వదిలేస్తే అసలు కూర్పు తప్పిపోతుంది.

నన్ను బాగా తిప్పలు పెట్టింది మాత్రం ఒక చిన్న ప్రహసనం. ఆ పుస్తకం ఉన్న లైబ్రరీ కేటలాగులో 1962 అని ఉంది. చాలా లైబ్రరీల రికార్డులు ఒకచోట చేర్చిన ఉమ్మడి కేటలాగులోనూ అదే. రెండు చోట్లా ఒకే సంవత్సరం కనిపిస్తే ఎవరికైనా నమ్మబుద్ధేస్తుంది. కానీ ఉమ్మడి కేటలాగుకు రికార్డు వెళ్లింది ఆ లైబ్రరీ నుంచే. ఒకే సాక్షి రెండుసార్లు చెప్పినట్టన్నమాట.

పుస్తకం తెప్పించుకుని చూశాను. ముఖపత్రం మీద ఇంగ్లిష్ సంవత్సరమే లేదు. చెన్నపురి అని ఊరి పేరు, ముద్రాక్షరశాల పేరు, అడుగున 'శుభకృత్ సం॥'. శుభకృత్ అరవై ఏళ్లకోసారి వస్తుంది: 1902, 1962, 2022. కేటలాగు చేసినవారు నడిమిది ఎంచుకున్నట్టున్నారు. అదే పేజీలో ఓ మూల 'వెల 0-4-0' అని ఉంది. అంటే నాలుగణాలు. మన దేశంలో నయాపైసలు 1957 ఏప్రిల్‌లోనే వచ్చేశాయి; 1962లో అచ్చయిన పుస్తకానికి వెల అణాల్లో ఎందుకు వేస్తారు? కాబట్టి ఇది 1902 నాటిది. అంటే గురజాడ రెండో కూర్పుకు ముందే వచ్చింది. నా మూడో అధ్యాయంలో వరసంతా దాంతో మారింది.

ఉగాది మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తుంది కాబట్టి 1903 మొదటి నెలలు కూడా శుభకృత్‌లోకే వస్తాయి. అందుకే [1902-03] అని చదరపు బ్రాకెట్లలో వేశాను. ముఖపత్రం మీద లేకుండా మనం తేల్చిన సంవత్సరాన్ని అలా చూపిస్తారు. కేటలాగర్లు కూడా తమకు సందేహం ఉంటే [1925?] అని నిజాయితీగానే వేస్తారు. దించుకునేటప్పుడు ఆ బ్రాకెట్లూ ప్రశ్నార్థకమూ రాలిపోయి ఒట్టి 1925 మిగిలిన ఎంట్రీలు నా జాబితాలోనే కనిపించాయి. ఊహ కాస్తా నిజమై కూర్చుంటుంది. వాటన్నిటి ముఖపత్రాలూ చూశాక గానీ నా టెన్షన్ తగ్గలేదు.

లైబ్రేరియన్ గారికి చెబితే, "పాత రిజిస్టర్లో అలాగే ఉందండీ. ముఖపత్రం ఫొటో పంపండి, మారుస్తాం" అన్నారు. అన్నట్టే మార్చారు. ఉమ్మడి కేటలాగులో మాత్రం నేను థీసిస్ ఇచ్చేనాటికి ఇంకా 1962 అనే ఉంది. అందుకని శుభకృత్ సంగతి, నాలుగణాల వెల సంగతి రెండూ అధస్సూచికలో రాసి, ముఖపత్రం ఫొటోను అనుబంధంలో పెట్టాను.