వత్తులు తీసేయమన్న ఎగ్జామినర్: టైపోగ్రఫీ సెమిస్టర్‌లో నా అనుభవం

టైపోగ్రఫీ (అచ్చు అక్షరాల్ని పేజీలో అమర్చే విద్య) సెమిస్టర్ అయిపోయింది. ఫైనల్ బుక్‌లెట్ ఇచ్చేసి వచ్చాను, కోపం ఇంకా తగ్గలేదు. తగ్గాక రాస్తే సగం విషయాలు మర్యాదకి పోయి వదిలేస్తాను, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

మొదటి భాగం తేలికే. సెరిఫ్ (గీతల చివర చిన్న తోకలున్న అక్షరం), శాన్స్ సెరిఫ్ (అవి లేనిది) తేడా, పాయింట్ అంటే అంగుళంలో 72వ వంతు, 12 పాయింట్లు కలిస్తే ఒక పైకా, మార్జిన్లు, కాలమ్స్, గ్రిడ్ (పేజీలో అన్నీ సర్దుకునే గీతల చట్రం), ఇవన్నీ కాస్త కూర్చుంటే ఎవరికైనా వచ్చేస్తాయి. కెర్నింగ్ (పక్కపక్క అక్షరాల మధ్య ఎడం సర్దడం) గురించి సీనియర్లు తెగ భయపెడతారు గానీ పెద్ద హెడ్డింగుల్లో తప్ప దాని జోలికి పోయే పని చాలా అరుదు, మంచి ఫాంట్ అయితే తయారుచేసినవాళ్ళే ఆ పని చేసిపెట్టి ఉంటారు.

నా ప్రాణం తీసింది ఫైనల్ ప్రాజెక్ట్. రెండు భాషల బుక్‌లెట్: ఎడమ పేజీలో ఇంగ్లీషు, కుడి పేజీలో అదే విషయం ఇంకో భాషలో. తెలుగు తీసుకున్నది నేనొక్కదాన్నే. మిగతావాళ్ళు ఫ్రెంచ్, స్పానిష్ అని హాయిగా అదే లిపిలో ఉండే భాషలు ఏరుకున్నారు. తెలివైనవాళ్ళు.

మా సార్‌కి ఒక సూత్రం ఉంది: అక్షరం సైజు మీద 120 శాతం లీడింగ్. లీడింగ్ అంటే ఒక వరుస కూర్చునే గీత నుంచి తర్వాతి వరుస గీతకి దూరం, 10 పాయింట్ల అక్షరానికి 12 అన్నమాట. పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో ఆటో లీడింగ్ కూడా 120 శాతమే కాబట్టి ఆయనకి అది వేదవాక్కు. ఇంగ్లీషు పేజీకి చక్కగా కుదిరింది. రెండు పేజీల వరుసలూ ఒకే గీత మీద కూర్చోవాలి కాబట్టి తెలుగుకీ 12 పెట్టమన్నారు. పెడితే ఏమవుతుందో తెలుగు రాసే ఎవరికైనా తెలుసు. ‘రాష్ట్రం’ అంటే ట వత్తు, ర వత్తు రెండూ కిందికి దిగుతాయి, సరిగ్గా ఆ కిందే తర్వాతి వరుసలో ‘విధి’ లాంటి మాట పడితే గుడీ వత్తూ ఒకదాన్నొకటి గుద్దుకుని ఏది దేనిదో తెలియదు. “సార్, వరుసలు తగులుకుంటున్నాయి” అంటే “గ్రిడ్ అంటే గ్రిడ్ అమ్మా” అన్నారు.

ఇక రివ్యూ రోజు. అందరి పేజీలూ గోడకి పిన్ చేశారు. బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్‌కి తెలుగు చదవడం రాదు, అందులో తప్పేం లేదు, రాదని ఒప్పుకుంటే సరిపోయేది. నా పేజీ ముందు నిలబడి, పెన్ను మూతతో వత్తులు ఒక్కొక్కటీ చూపిస్తూ, ఈ వేలాడే ముక్కల వల్ల పేజీ మురికిగా కనిపిస్తోంది, ఇవి తీసేయొచ్చు కదా అన్నారు. అవి అలంకారం కాదు, అక్షరంలో భాగం, తీస్తే మాట మారిపోతుంది అని చెప్పాను. అయితే చిన్నవి చేసి పైకి జరుపు అన్నారు. క్లాసంతా నవ్వింది. పాపం వాళ్ళలో తెలుగు వచ్చినవాళ్ళు కూడా నవ్వారు. ఆ లీడింగ్ పెట్టమన్న మా సార్ మాత్రం పక్కనే నిలబడి ఫోన్ చూసుకుంటున్నారు.

ఎగ్జామినర్ అక్కడితో ఆగలేదు. వరుసకి 45 నుంచి 75 అక్షరాలు ఉంటే చదవడానికి సుఖం అని ఒక లెక్క ఉంది కదా, నా ఫైల్ తెరిపించి, ఒక వరుస సెలెక్ట్ చేయించి, ఇన్ఫో ప్యానెల్‌లో సంఖ్య చూసి వరుస మరీ పొడుగు అన్నారు. సాఫ్ట్‌వేర్ లెక్కపెట్టేది యూనికోడ్ (కంప్యూటర్ అక్షరాల్ని దాచుకునే సంకేతాల పద్ధతి) ముక్కల్ని. ‘స్త్రీ’ చదివే మనిషికి ఒక్క అక్షరం, యూనికోడ్‌లో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. కంటికి మహా అయితే ముప్పై నలభై అక్షరాలున్న వరుసకి ప్యానెల్ ఇష్టమొచ్చిన అంకె చూపిస్తుంది. ఇదంతా ఆ రోజే చెప్పాలని ఉంది, గొంతు పెగల్లేదు, టెన్షన్‌లో “ఓకే సార్” అనేశాను. ఆ ఓకే గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఒక మాట అనాలనిపిస్తోంది. మనకి టైపోగ్రఫీ అని నేర్పేది చాలావరకు లాటిన్ లిపి టైపోగ్రఫీ. ఎక్స్ హైట్ (చిన్న x ఎత్తు), క్యాపిటల్స్, స్మాల్ క్యాప్స్ (చిన్న సైజు క్యాపిటల్స్), ఇటాలిక్ అన్నీ ఆ లిపి సామాన్లు. అలా అని చెప్పి నేర్పితే గొడవే లేదు. ప్రపంచంలో అక్షరాలన్నిటికీ ఇదే కొలబద్ద అన్నట్టు నేర్పి, తర్వాత మన అక్షరం అందులో పట్టకపోతే తప్పు అక్షరానిది అంటారు.

రీ సబ్మిషన్‌కి ఎవర్నీ అడక్కుండా నేనే కూర్చున్నా. తెలుగుని 11 పాయింట్ల అక్షరానికి 18 లీడింగ్‌లో పెట్టాను, అంటే 160 శాతం పైనే. ఇంగ్లీషు 10కి 12 అలాగే ఉంచి, బేస్‌లైన్ గ్రిడ్‌ని (వరుసలు కూర్చునే గీతల్ని) 6 పాయింట్లకి మార్చాను. ఇంగ్లీషు వరుస రెండేసి గళ్ళు దిగుతుంది, తెలుగు వరుస మూడేసి. ప్రతి 36 పాయింట్లకీ ఒకసారి, ఇంగ్లీషువి మూడు, తెలుగువి రెండు వరుసలయ్యేసరికి, రెండూ ఒకే గీత మీద కలుస్తాయి. సార్ గ్రిడ్ సార్‌కి దక్కింది, నా వత్తులు నాకు దక్కాయి. మా బ్యాచ్‌లో ఇంకెవరికీ ఈ ఆలోచన రాలేదని గర్వంగానే చెప్పుకుంటా.

తెలుగుకి జస్టిఫై (రెండు అంచులూ సమం చేయడం) కూడా తీసేశాను. ‘చెప్పాల్సివచ్చిందంటున్నారు’ లాంటి మాట సన్నటి కాలమ్‌లో పడితే మిగతా మాటల మధ్య ఎడం పళ్ళూడిన నోరులా తయారవుతుంది. ఎడమవైపు సమంగా, కుడివైపు వదిలేయడమే మేలు. ఇన్‌డిజైన్‌లో వత్తులు విడిపోయి పొల్లులతో కనిపిస్తే ఫాంట్‌ని తిట్టకండి, పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకుని, దాన్ని పేరాగ్రాఫ్ స్టైల్‌లోనే సేవ్ చేయండి. బోల్డ్ బటన్ నొక్కేముందు ఆ ఫాంట్‌కి నిజంగా బోల్డ్ ఉందో లేదో చూడండి. సూరన్న, మల్లన్న, మండలి, రామభద్ర ఫాంట్లు ఒక్కో వెయిట్‌లోనే (గీత మందంలోనే) దొరుకుతాయి, కొన్ని సాఫ్ట్‌వేర్లు గీతల్ని ఉబ్బించి దొంగ బోల్డ్ చేస్తాయి, సున్నాలు పూడుకుపోతాయి. నోటో శాన్స్ తెలుగుకి తొమ్మిది వెయిట్లున్నాయి, హెడ్డింగులకి అదే వాడాను.

ప్రెస్ సంగతి ఎక్కువ రాయను, రాస్తే బూతులొస్తాయి. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో మళ్ళీ టైప్ చేయించుకుంటేనే ప్రింటు అన్నాడు ఒకాయన. ఫాంట్లు ఎంబెడ్ చేసిన (ఫైల్ లోపలే పొదిగిన) పీడీఎఫ్ ఇచ్చి, వేస్తే వెయ్యి లేకపోతే లేదు అని కూర్చోండి, వేస్తారు.

మార్కులు పెద్దగా పెరగలేదు, రీ సబ్మిషన్‌కి పరిమితి ఉంటుందట. జూనియర్లు గ్రిడ్ ఫైల్ అడుగుతున్నారు. ఇస్తాను, కానీ ముందు వాళ్ళు వాడే ఫాంట్‌లో అన్నిటికంటే కిందికి దిగే వత్తు ఏదో, అన్నిటికంటే పైకి లేచే గుడి ఏదో పట్టుకుని, రెండూ కొలుచుకుని రమ్మన్నా. ఫాంట్ మారితే నా 18 వాళ్ళకి పనికిరాదు.