గబ్బిలాన్ని గబ్బిలంగానే ఉంచిన కవి

మొన్న రాత్రి కరెంటు పోయినప్పుడు మా ఇంట్లోకి గబ్బిలం దూరింది. హాల్లో నాలుగు చక్కర్లు కొట్టి కర్టెన్ పట్టుకుని తలకిందులుగా వేలాడింది. ఫోన్ లైట్ వేసి చూశాను. రెక్క మడిచిన చోట కొక్కెంలాంటి చిన్న గోరు, ఒంటికి పెద్దవనిపించే చెవులు. "మడిచిన గొడుగులా ఉంది" అన్నాడు మా తమ్ముడు. గబ్బిలాన్ని చూసిన ప్రతివాడూ అనేది అదే, నేనూ అదే అనుకున్నాను. అమ్మమ్మ మాత్రం ఇంటికి అరిష్టం, తరిమెయ్యండని ఒకటే గోల.

మన పద్యాల్లో జంతువుల గతి చాలావరకు ఇంతే, వాటిని చూసి కాదు, పక్కవాడిని చూసి రాస్తారు. "కనకపు సింహాసనమున శునకము గూర్చుండబెట్టి" అన్న సుమతి శతక పద్యం చిన్నప్పుడు అందరం అప్పజెప్పినవాళ్లమే. అందులో కుక్క ఎక్కడుంది? కవికి ఎవరి మీదో కోపం, దెబ్బ కుక్కకి తగిలింది. వేమన గాడిద కూడా అంతే, గంగిగోవు పాలు గరిటెడు చాలట, గాడిద పాలు కడివెడైనా దండగట. (ఇప్పుడు వీధుల్లో గాడిద పాలు చిన్న గిన్నెతో కొలిచి ఎంతకి అమ్ముతున్నారో వేమన చూడాల్సింది.) పద్యాలు గొప్పవే, కాదనను. కానీ అవి చదివాక కుక్క గురించీ గాడిద గురించీ మనకి కొత్తగా తెలిసేది ఏమీ లేదు.

గుర్రం జాషువా 1941లో రాసిన 'గబ్బిలం' కావ్యం అలా కాదు. కబురు మోయడానికి కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది, నలుడికి హంస దొరికింది, రెండూ అందమైనవే. అంటరానివాడని గుడి గడప తొక్కనివ్వని అరుంధతీసుతుడి (కావ్యంలోని దళిత నాయకుడు) దగ్గరికి, ఆ గుడిసెలోకి, వచ్చేదెవరు? గబ్బిలమే వచ్చింది. శివుడికి తన గోడు చెప్పమని దాన్నే బతిమాలుకున్నాడు. నువ్వు గుళ్లో వేలాడేటప్పుడు శివుడి చెవి నీకు కాస్త దగ్గరగా ఉంటుంది, పూజారి లేనప్పుడు చెప్పు అంటాడు.

నాకు ఒళ్లు జలదరించేది ఇక్కడే. తలకిందులుగా వేలాడటం అనేదాన్ని మనం దయ్యాలకీ అపశకునాలకీ అంటగట్టాం కదా, జాషువా దాన్నే పనికొచ్చేలా మార్చాడు. పైకప్పు నుంచి వేలాడేదానికే కదా కింద ఉన్న దేవుడి చెవి అందేది. చీకట్లో తిరుగుతుంది కాబట్టి పూజారి లేని వేళ దానికి అడ్డుండదు. దాన్ని ఇంకోదానితో పోల్చి అందంగా చెయ్యలేదు, ఉన్న లక్షణాలే ఉంచి, వాటి మీదే మొత్తం కావ్యం నిలబెట్టాడు. 'ఖగరాజ్ఞి', అంటే పక్షుల రాణి, అని పిలవడం ఒక్కటే అలంకారంలా కనిపిస్తుంది, అది కూడా వెటకారం కాదు, మర్యాద. (గబ్బిలం పక్షి కాదు, పాలిచ్చే జంతువు అని సైన్సు మాస్టార్లు దిద్దుతారు, దిద్దనీండి.) మనిషిని ఆపేసిన గుళ్లోకి గబ్బిలం దర్జాగా వెళ్లి వస్తుంది, దాన్ని అంటరానిది అని ఎవరూ గెంటరు. ఆ ఎత్తిపొడుపు కోసం కవి విడిగా ఒక్క ఉపమానం కూడా వెతుక్కోనక్కర్లేకపోయింది.

ఆ రాత్రి ఫోన్ లైట్ ఆర్పి, కిటికీ తలుపులు బార్లా తీసి, అందరం వరండాలోకి వెళ్లి కూర్చున్నాం. పావుగంటకి వెళ్లిపోయింది. తెల్లారి లేచేసరికి అమ్మమ్మ పసుపు నీళ్లతో హాలంతా కడిగిస్తోంది.